పది నిమిషాల్లో 31 సార్లు ‘అర్థమైందా?’

ఇది ఒడిశా సరిహద్దులోని ఒక ప్రైవేటు బడి కథ. టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి నేను అక్కడికి వెళ్లాను, చివరికి వాళ్లు తమ పాఠాలను ఫోనులో రికార్డు చేసుకుని వినడం దాకా వచ్చింది. గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లో అది ఎక్కడుందో చెప్పను. మనుషుల ఆనవాళ్లు మార్చాను, కొన్ని అంకెలను అటూ ఇటూ జరిపాను. రికార్డింగుల్లోని మాటలను ఆయా టీచర్లను అడిగే ఇక్కడ రాస్తున్నాను. నేను చేసిన పొరపాట్లను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

నేపథ్యం

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు గీసిన గీత పటంలో స్పష్టంగానే ఉంటుంది. ఉదయం ఏడు గంటల బస్సులో మాత్రం కనిపించదు. ఆంధ్రా వైపు ఊళ్ల నుంచి టిఫిన్ డబ్బా, గొడుగు, దిద్దిన నోట్సుల సంచి పట్టుకుని ఎక్కే టీచర్లు అరగంటలో ఒడిశాలో దిగి ప్రార్థన గంటకు అందుకుంటారు. నేను చెప్పబోయే బడిలో 23 మంది టీచర్లుంటే సగం మంది అలా వచ్చేవారే. మిగతావారు స్థానిక ఒడియా కుటుంబాల వాళ్లు.

నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి వరకు నాలుగు వందల పైచిలుకు పిల్లలు. ఇళ్లలో కొందరిది తెలుగు, కొందరిది ఒడియా. కొండ ఊళ్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లలది సవర. గేటు మీద రాసింది మాత్రం ఇంగ్లీషు మీడియం. స్టాఫ్ రూములో తెలుగు వాళ్లు తెలుగులో, ఒడియా వాళ్లు ఒడియాలో మాట్లాడుకుంటూ ఉంటారు. ప్రిన్సిపాల్ మేడమ్ లోపలికి అడుగు పెడితే అందరూ ఇంగ్లీషులోకి మారి, రెండు ముక్కల్లో తేల్చేసి, నోట్సులు దిద్దడంలో పడతారు.

జీతాల గురించి వివరంగా రాయను. ఏటా ఏప్రిల్లో నాలుగో వంతు మంది మానేస్తారని చెబితే చాలు. పెళ్లి కుదిరి కొందరు, బీఈడీలో సీటు వచ్చి కొందరు, ప్రభుత్వోద్యోగ పరీక్షలకు చదువుకోవాలని కొందరు వెళ్లిపోతారు.

పిలిచిన పని

“మాస్టారూ, ఆరు స్మార్ట్ బోర్డులు పెట్టించాను. ఒక్కొక్కటి లక్ష దాటింది. మా వాళ్లు ఒక్కరూ వాడటం లేదు. వాళ్లకు టెక్నాలజీ నేర్పండి” అని ఆ బడిని నడిపే కరస్పాండెంట్ గారు ఫోను చేశారు. అంతకు కొద్దికాలం ముందే బడికి సీబీఎస్‌ఈ అనుబంధం వచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ పొందాలని చెబుతుంది. సీబీఎస్‌ఈ దాన్ని తన బడులకు నియమం చేసింది. సగం గంటలు బోర్డు లేదా ప్రభుత్వ శిక్షణలో, మిగతా సగం బడిలోనే పూర్తి చేసుకోవచ్చని వెసులుబాటు ఇచ్చింది. కాబట్టి కరస్పాండెంట్ గారి లెక్కలో నేను ఒక దెబ్బకు రెండు పిట్టలు: బోర్డులు నడవాలి, గంటలు నిండాలి.

మూడు రోజులు తరగతుల్లో వెనక బెంచీల మీద కూర్చున్నాను. ఆరు బోర్డుల్లో ఒకటి ఎల్‌కేజీలో రోజంతా రైమ్స్ పాడుతోంది. రెండింటిని మామూలు బోర్డుల్లాగే రాయడానికి వాడుతున్నారు. ఒకదానికి కుట్టుపని చేసిన గుడ్డ కప్పి ఉంది. ఎంతో శ్రద్ధగా కుట్టిన గుడ్డ, అంచుకు నెమళ్లు కూడా ఉన్నాయి. మిగిలిన రెండు చెక్క తలుపుల వెనక తాళంలో ఉన్నాయి. తాళం చెవులు ఆఫీసు బీరువాలో ఉంటాయి. కావాలంటే రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకోవాలి. ఒకరోజు ఐదో తరగతి టీచరు తాళం చెవి కోసం పిల్లవాణ్ని పంపారు. గుమస్తా ఫీజుల కౌంటరు దగ్గర ఉన్నారు. పిల్లవాడు తిరిగి వచ్చేసరికి నలభై నిమిషాల పీరియడులో తొమ్మిది నిమిషాలు పోయాయి. ఆ తర్వాత ఆ టీచరు తాళం చెవి అడగగా నేను చూడలేదు.

ఈ రిజిస్టరు సంగతి మొదటి రోజే నా నోట్సులో రాసుకున్నాను. దాని మీద పట్టుబట్టి ఉంటే సగం పని అప్పుడే అయ్యేది. పట్టుబట్టలేదు. తాళాల గురించి మాట్లాడటం శిక్షకుడి పనిలా అనిపించలేదు నాకు.

చేసినవి, చెడినవి

వేసవి సెలవుల తర్వాత బడి తెరిచే ముందు రెండు రోజుల వర్క్‌షాపు పెట్టాను. ఎందుకంటే అడిగింది అదే, నా దగ్గర సిద్ధంగా ఉన్నదీ అదే. ఇంతకంటే గొప్ప కారణం వెతికినా దొరకదు. బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే అమెరికన్ పరిశోధకులు 1980ల నుంచీ చెబుతున్న మాట నాకు తెలియనిది కాదు. శిక్షణలో చెప్పింది, చూపించింది అక్కడితో ఆగిపోతుంది. తరగతి గదిలో పక్కన ఒక తోడు ఉండి మళ్లీ మళ్లీ చేయిస్తేనే అది అలవాటుగా మారుతుంది. ఈ మాట నేనే ఎన్నో శిక్షణల్లో స్లయిడు వేసి చెప్పాను. అయినా వర్క్‌షాపే పెట్టాను.

వర్క్‌షాపు బాగా జరిగింది. ఇరవై మంది దాకా సొంతంగా స్లయిడ్లు చేశారు, బొమ్మలు కదిలించారు, క్విజ్‌లు తయారు చేశారు. కరస్పాండెంట్ గారు ఫొటోలు తీయించారు. జులై చివర వెళ్లి చూస్తే నెమళ్ల గుడ్డ నెమళ్ల గుడ్డలాగే ఉంది.

రెండోది ఆన్‌లైన్ కోర్సులు. గంటలు నిండాలి కాబట్టి ప్రిన్సిపాల్ మేడమ్ ప్రతి టీచరుకూ నెలకు ఇన్ని అని పంచారు. కోర్సులను తప్పుపట్టను, కొన్నింటిని కూర్చుని విన్నాను, మంచివే. తేడా వాటిని వాడిన తీరులో వచ్చింది. రాత్రి తొమ్మిదింటికి వంటింట్లో స్టవ్ పక్కన ఫోను నిలబెట్టి, శబ్దం తీసేసి వీడియో నడవనిస్తారు. చివరి ప్రశ్నలకు జవాబులు ముందే చేసినవాళ్ల నుంచి వస్తాయి. ఒక టీచరు కోర్సులో పరీక్ష రాసింది తొమ్మిదో తరగతి చదువుతున్న ఆమె కొడుకు. “వాడికి మంచి మార్కులే వచ్చాయి సార్” అని ఆమే నవ్వుతూ చెప్పారు. పొద్దున్న ఐదింటికి లేచి, రెండు బస్సులు మారి, సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరే మనిషిని ఈ విషయంలో మోసం చేశావని ఎవరు అనగలరు? నాకైతే నోరు రాలేదు.

మూడోది నా సొంత తెలివి, వాట్సాప్ గ్రూపు. రోజూ ఉదయం ఏడింటికి ఒక చిట్కా. రోజూ ఏడూ ఐదుకు ఇరవై నమస్కారాల బొమ్మలు. ఒకరోజు ఒక టీచరు నల్లబల్ల మీద రాసిన స్పెల్లింగు తప్పును ఫొటో తీసి, పైవాళ్లెవరో ఆ గ్రూపులోనే పెట్టి, ‘ఇలా జరగకూడదు’ అని రాశారు. ఆ రోజు నుంచి నమస్కారాలు కూడా ఆగిపోయాయి.

మలుపు

సెప్టెంబరులో ఒక సాయంత్రం తిరుగు బస్సులో ఆరో తరగతి సైన్సు టీచరు పక్క సీటులో ఉన్నారు. పిల్లలు పిలిచినట్టే ఇక్కడ ఆమెను సైన్సు దీదీ అంటాను. బోర్డు ఎందుకు వాడటం లేదని నేను అడగలేదు, అడిగి అడిగి అలిసిపోయాను. ఆమే మొదలుపెట్టారు.

“బోర్డు మీద బొమ్మ వేస్తే పిల్లలు బొమ్మ చూస్తారు సార్. అర్థమైందో లేదో నాకు తెలియదు. బొమ్మ వేయకపోతే అర్థమవుతోందా అంటే, అదీ తెలియదు. ఆరేళ్ల నుంచి చెబుతున్నాను. నా పాఠం ఎలా ఉంటుందో నేనెప్పుడూ వినలేదు కదా.”

ఆ మాటతో నా లెక్క తిరగబడింది. అప్పటిదాకా వీళ్లకు పరికరం వాడటం రాదనే అనుకున్నాను. అది తప్పని జూన్ వర్క్‌షాపులోనే తేలిపోయింది, నేను చూడలేదు. వాడటం వచ్చు. ఎప్పుడు, ఎందుకు వాడాలో నిర్ణయించుకోవడానికి కావలసిన సమాచారం వాళ్ల దగ్గర లేదు. తమ పాఠం పిల్లల వైపు నుంచి ఎలా వినిపిస్తుందో చెప్పేవారు లేరు. తరగతికి వచ్చి చూసే ఒకే ఒక్క మనిషి తప్పులు రాసుకోవడానికి వస్తారు.

అందుకే కొత్త పరికరమేదీ వద్దనుకున్నాను. ప్రతి ఒక్కరి ఫోనులోనూ వాయిస్ రికార్డరు ఉంటుంది. నెట్ అక్కర్లేదు, కరెంటు పోయినా నడుస్తుంది, నేర్పడానికి ఏమీ లేదు. పది నిమిషాల రికార్డింగు సుమారు పది ఎంబీ. ఆ మాత్రం జాగా కోసం కొందరు వందల కొద్దీ శుభోదయం బొమ్మలు తీసేయాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

వీడియో ఎందుకు వద్దన్నానంటే, పిల్లల ముఖాలు ఫోనుల్లో తిరగడం నాకు ఇష్టం లేదు. పిల్లల వివరాలు డిజిటల్‌గా వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలని 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా చెబుతోంది. గొంతు కూడా వివరమే కాబట్టి, పాఠం మెరుగుపరుచుకోవడానికి పది నిమిషాలు రికార్డు చేసి వారంలో చెరిపేస్తామని రాసి ఇళ్ల నుంచి సంతకాలు తెప్పించాం. చట్టం కంటే బలమైన కారణం ఇంకొకటుంది. టీచర్లలో ఎక్కువమంది మహిళలు. వీడియో అనగానే ముందు వచ్చే ప్రశ్న అది ఎవరి చేతిలో పడుతుందనే. పైగా వీడియోలో మనిషి తన చీర కుచ్చిళ్లు చూసుకుంటుంది, తన బట్టతల చూసుకుంటాడు. నా అనుభవంలో మొదటి మూడుసార్లు పాఠం ఎవరికీ కనిపించదు. గొంతు ఒక్కటే వినిపిస్తే మాటలే మిగులుతాయి.

ఒప్పందం ఇలా కుదిరింది. రికార్డింగు టీచరు సొంతం. మొదట ఒంటరిగా వినాలి. తర్వాత అందులో ఒక్క నిమిషం మాత్రం ఎంచుకుని తోటి టీచరు ఒకరికి వినిపించాలి. శనివారం చెరిపేయాలి. నేను గానీ, ప్రిన్సిపాల్ గానీ, ఆఫీసు గానీ అడగకూడదు. నాకు జీతమిచ్చేది కరస్పాండెంట్ గారు, నన్ను నమ్మాల్సింది టీచర్లు. ఈ రెండు కాళ్లూ రెండు పడవల మీద ఉన్నాయని నాకు తెలుసు. అందుకే ఈ ఒప్పందాన్ని కరస్పాండెంట్ గారితో కాగితం మీద రాయించాను. ఆయన పెద్దగా ఆలోచించకుండానే సంతకం పెట్టారు. ఎందుకు పెట్టారో తర్వాత తెలిసింది.

ముందు నా గొంతే వినిపించాను. ఐదో తరగతిలో భిన్నాలు చెప్పి, ఆ రికార్డింగును స్టాఫ్ రూములో అందరి ముందూ పెట్టాను. ‘సగంలో సగం ఎంత?’ అని అడుగుతాను. ఊపిరి తీసుకునేంత వ్యవధి కూడా లేకుండా ‘పావు, అవునా?’ అని నేనే చెప్పేస్తాను. ఇలా ఏడుసార్లు. స్టాఫ్ రూములో ముందు ఒకరు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలోనే ఈ సంగతి కొలిచారు. ప్రశ్న అడిగాక టీచర్లు మామూలుగా ఒక సెకనుకు మించి ఆగరు. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయి, మాట్లాడే పిల్లలు పెరుగుతారు, వాళ్లే ప్రశ్నలు వేస్తారు. ఈ విషయం మీద కూడా నా దగ్గర ఒక స్లయిడు ఉంది. నా గొంతు వినడం మాత్రం అదే మొదటిసారి.

చివరి బెంచీ మీద ఫోను

సైన్సు దీదీ మొదటి రికార్డింగు గురించి కొంచెం వివరంగా రాయాలి. పాఠం మిశ్రమాల నుంచి పదార్థాలను వేరు చేయడం. టేబులు పైన ఫ్యాను గోల ఎక్కువగా ఉందని ఆమె ఫోనును చివరి బెంచీ మీద పెట్టారు. అది నా ఆలోచన కాదు, ఎవరి ఆలోచనా కాదు, ఫ్యాను చేసిన మేలు.

ఇంటికెళ్లి విన్నారు. పది నిమిషాల్లో తాను ‘అర్థమైందా?’ అని 31 సార్లు అన్నట్టు లెక్క తేలింది. 31 సార్లూ ‘ఎస్ దీదీ’ అని ముక్తకంఠంతో జవాబు. ఆ లెక్క ఆమెను సిగ్గుపరిచింది గానీ ఆశ్చర్యపరచలేదట. ఆశ్చర్యపరిచింది నాలుగో నిమిషంలో ఫోను పక్కనే వినిపించిన గుసగుస.

“సీవ్ అంటే?”

“చాలుణి.”

అంతే. తర్వాత ‘ఎస్ దీదీ’.

దీదీ ఇంటి భాష తెలుగు. చాలుణి అంటే జల్లెడ అని ఆమెకు తెలియదు, ఆ ఒడియా మాటను ఆమె ఎప్పుడూ వినలేదు. నాలుగు నిమిషాలుగా ఒక పిల్లవాడు సీవ్ అంటే ఏమిటో తెలియకుండానే జల్లించడం గురించి వింటున్నాడు. పక్కవాడు ఒక్క మాటతో ఆ పాఠం చెప్పేశాడు. ఆమె వినిపించడానికి ఎంచుకున్న నిమిషం అదే.

మర్నాడు ఇంటి నుంచి పిండి జల్లెడ, చాట తీసుకెళ్లారు. నల్లబల్ల మీద వరుసగా మూడు మాటలు: సీవ్, జల్లెడ, చాలుణి. చాటను చూపించి ఏమంటారని అడిగితే ఒడియా పిల్లలు ‘కులా’ అని అరిచారు. దారిలో కడుతున్న ఇంటి దగ్గర ఇసుక జల్లిస్తున్న పెద్ద జల్లెడను ఫోనులో ఫొటో తీశారు. దాన్ని చూపించడానికి తాళం తీయించారు. బోర్డు మీద ఆ ఫొటో, చేతిలో పిండి జల్లెడ. ‘దీని కన్నాలు ఎందుకు చిన్నవి, దాని కన్నాలు ఎందుకు పెద్దవి?’ అని అడిగి నోరు మూసుకున్నారు. మూడు సెకన్లు లెక్కపెట్టుకున్నారట, మూడో సెకనుకు తనకే భయమేసిందట. నా లెక్కలో ఆ బడిలో స్మార్ట్ బోర్డును మొదటిసారి అవసరపడి వాడింది ఆ రోజే.

ఆ మూడు మాటలతో స్టాఫ్ రూములో ఒక నోటుబుక్కు మొదలైంది. మూడు నిలువు గళ్లు: ఇంగ్లీషు, తెలుగు, ఒడియా. కొన్ని వారాలకు ఆయమ్మ ఒకరు వచ్చి, ఇంట్లో తాము సవర మాట్లాడతామని, నాలుగో గడి గీస్తే మాటలు తాను చెబుతానని అన్నారు. రాసే పని ఒడియా టీచరు ఒకరు తీసుకున్నారు. నూరేళ్లకు పూర్వమే ఈ ప్రాంతంలోనే, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని ఆ పిల్లల కోసం వాచకాలు రాశారు. ఆ నోటుబుక్కు చూసినప్పుడల్లా ఆయనే గుర్తొస్తారు నాకు. ఆయమ్మకు ఆ పేరు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

జంటలు

మొదట జంటలను నేనే కలిపాను, ఒక తెలుగు టీచరుకు ఒక ఒడియా టీచరు చొప్పున. భాషలు ఇచ్చిపుచ్చుకుంటారని నా ఊహ. ఫలితం ఏమిటంటే ఇద్దరూ ఇంగ్లీషులో మర్యాదగా మాట్లాడుకుని లేచేవారు. ‘చాలా బాగుంది మేడమ్’, ‘మీది కూడా మేడమ్’. తన పాఠంలో ఎక్కడ తడబడ్డారో చెప్పడానికి మనిషికి ఇంటి భాష కావాలి. మాటలు ఇచ్చిపుచ్చుకోవడానికి నోటుబుక్కు ఉంది, మనసు విప్పడానికి వేరే ఏర్పాటు కావాలి.

నేను కలిపిన జంటలు రెండు వారాల్లో చెదిరిపోయాయి. కొత్త జంటలను బస్సు కలిపింది. ఒకే బస్సులో వెళ్లేవారు ఒకే ఇయర్‌ఫోను చెరో చెవిలో పెట్టుకుని ఆ ఒక్క నిమిషం వినడం మొదలుపెట్టారు. ఊళ్లో ఉండేవారు మధ్యాహ్నం డబ్బాల దగ్గర విన్నారు. శిక్షణకు సమయం లేదని అందరూ అనేవారు, నేనూ ఒప్పుకునేవాణ్ని. సమయం బస్సులో ఉందని నాకు తట్టలేదు.

గొడవ

దసరా సెలవుల తర్వాత కరస్పాండెంట్ గారు పిలిచారు. “మాస్టారూ, రికార్డింగులు బాగా నడుస్తున్నాయట. నెలకొకటి ఆఫీసుకు ఇప్పించండి. ఇంక్రిమెంట్లు వేసేటప్పుడు ఎవరు కష్టపడుతున్నారో తెలుస్తుంది.” ఒప్పందం గుర్తుచేశాను. “నేను సంతకం పెట్టింది మీ శిక్షణ వరకు” అన్నారు.

ఆయన దుర్మార్గుడు కాదు. డబ్బు పెట్టిన మనిషి, కంటికి కనిపించే రుజువు అడుగుతున్నారు. ఇస్తే మర్నాటి నుంచి టీచర్లు మంచి పాఠాలు మాత్రమే రికార్డు చేస్తారు, ముందే పిల్లలతో రిహార్సలు చేయించి మరీ. గుసగుస వినిపించే చివరి బెంచీ మీద ఫోను ఎవరూ పెట్టరు. ఈ మాటే చెప్పాను. వినకపోతే మానుకుంటానని కూడా అన్నాను. ఇంటికొచ్చాక ఆ బెదిరింపు తొందరపాటేమో అనుకున్నాను.

దారి ప్రిన్సిపాల్ మేడమ్ చూపించారు. అప్పటిదాకా ఆమెను నేను అవతలి పక్షంలో లెక్కేశాను, అది నా మరో పొరపాటు. ఆ వారం స్టాఫ్ మీటింగును, టీచర్లకు ముందే చెప్పి, ఆమె తన ఫోనులో రికార్డు చేసుకుని విన్నారు. నలభై నిమిషాల మీటింగులో మిగతా 23 మంది మాట్లాడింది అంతా కలిపి నాలుగు నిమిషాలు. “నేను కూడా అర్థమైందా అంటూనే ఉన్నాను” అన్నారు. తర్వాత కరస్పాండెంట్ గారి దగ్గరకు ఆమే వెళ్లారు. జంటగా కూర్చున్న తేదీ, ఎన్ని నిమిషాలు, ఇద్దరి సంతకాలు, ఇంతవరకు ఒక రిజిస్టరులో రాసి బడిలో జరిగే శిక్షణ గంటల కింద చూపిద్దామన్నారు. ఏం మాట్లాడుకున్నారన్నది ఎక్కడా ఉండదు. ఆయనకు లెక్క దొరికింది, టీచర్లకు గుట్టు మిగిలింది. అదే రోజు ఆమె తాళం చెవుల రిజిస్టరు ఎత్తేశారు. తాళం చెవులు తరగతి గదుల్లోనే మేకుకు వేలాడసాగాయి. జూన్‌లో నేను అడగాల్సింది, నవంబరులో ఆమె చేశారు.

ఎంత కుదిరింది, ఎంత కుదరలేదు

మార్చి నాటికి 23 మందిలో 15 మంది వారం వారం రికార్డు చేస్తున్నారు. సైన్సు దీదీ ‘అర్థమైందా’లు పదిలోపుకు వచ్చాయి. బోర్డుల్లో నాలుగు వారానికి కొన్నిసార్లయినా వెలుగుతున్నాయి, ఎక్కువగా టీచర్లే తీసిన ఫొటోలతో. మిగతా సమయంలో ఆపేసి ఉంటాయి. అందుకు కరస్పాండెంట్ గారికి ఇప్పటికీ అసంతృప్తే. నాకు లేదు. పిల్లల మార్కులు పెరిగాయా అంటే, ఈ పని వల్ల పెరిగాయని చెప్పడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు.

నర్సరీ, ఎల్‌కేజీల్లో ఈ పద్ధతి అసలు పనికిరాలేదు. రికార్డింగు నిండా కేకలు, పాటలు. అక్కడ వినవలసింది టీచరు మాట కాదు, చూడవలసింది పిల్లల చేతులు. దానికి వేరే ఉపాయం కావాలి.

లెక్కల మాస్టారి విషయంలో తప్పు పూర్తిగా నాది. బడిలో అందరికంటే సీనియరు. ఒకసారి రికార్డు చేశారు, మళ్లీ చేయలేదు. ఒక రోజు స్టాఫ్ రూములో అందరి ముందూ “మాస్టారూ, మీ వంతు ఎప్పుడు?” అని సరదాగా అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. సాయంత్రం గేటు దగ్గర ఆగి, “నా గొంతు నేను వినలేకపోయాను. మా నాన్నగారిలా ఉంది. ఆయన మమ్మల్ని కొట్టి చదువు చెప్పేవారు” అన్నారు. గుట్టు ఆఫీసుకు వద్దని పోరాడినవాణ్ని, స్టాఫ్ రూములో నేనే దాన్ని లాగబోయాను. రికార్డు చేయకపోవడం కూడా టీచరు హక్కేనని ఒప్పందంలో తర్వాత చేర్చాం.

ఏప్రిల్లో ఆరుగురు మానేశారు. జంటల్లో నాలుగు విడిపోయాయి. ఇలాంటి బడుల్లో శిక్షకుడి చేతిలో ఉన్న పద్ధతి శిక్షకుడితోనే పోతుంది. మిగిలినవారి చేతిలో ఉంటేనే జూన్ దాటుతుంది. ఆ జూన్‌లో కొత్త టీచర్ల ముందు తన రికార్డింగు పెట్టింది సైన్సు దీదీ. దాచి ఉంచిన పాతది కాదు, పాతది ఎప్పుడో చెరిపేశారు. కొత్తగా చేసినది, తడబాట్లతో సహా. నేను వెనక కూర్చుని టీ తాగాను.

ఇంకొక బడికి వెళ్లాల్సి వస్తే వర్క్‌షాపుకు ముందు తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయో అడుగుతాను. నన్ను పిలిచిన మనిషి చెప్పిన సమస్యను నెల రోజులు నమ్మకుండా ఉంటాను. ఏ బస్సు ఎన్నింటికో రాసుకుంటాను.

ఈ మధ్య కరస్పాండెంట్ గారు మళ్లీ ఫోను చేశారు. పాఠం రికార్డింగు ఎక్కిస్తే టీచరు ఎంతసేపు మాట్లాడారో, పిల్లలు ఎంతసేపు మాట్లాడారో, ఎన్ని ప్రశ్నలు అడిగారో దానంతట అదే లెక్కగట్టి చూపించే యాప్ ఒకటి కొనాలని ఉందట, నా అభిప్రాయం కావాలట. చేత్తో 31 లెక్కపెట్టుకున్న మనిషికి అలాంటి యాప్ ఉపయోగపడదని అనలేను. ఒకే వాక్యంలో మూడు భాషలు దొర్లే తరగతిని అది ఎంతవరకు పట్టుకుంటుందో పరీక్షించి చూడాలి. టీచర్లను అడిగి చెబుతానన్నాను. అడిగాను. సైన్సు దీదీ అడిగింది ఒక్కటే: “ఆ లెక్క ఎవరి ఫోనులో ఉంటుంది సార్?” అమ్మేవాళ్లకు ఆ ప్రశ్న రాసి పంపాను. జవాబుగా బ్రోషరు వచ్చింది. మళ్లీ రాశాను.